వంద గ్రాముల అన్నం

బాపట్ల, 2006, సోమవారం రాత్రి

ఇవాళ మా ఆయన బట్టల కొట్లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయారట. పది రోజుల కిందట షుగరుందని పూటకి వంద గ్రాముల అన్నమే పెట్టమన్నారు డాక్టరుగారు. అప్పుడు కిరాణా కొట్లో వంద గ్రాముల బియ్యం తూయిస్తే సగం గ్లాసు వచ్చింది. అప్పట్నుంచీ అదే గ్లాసుతో సగానికి అన్నం కొలిచి పెడుతున్నాను. సాయంత్రం ఆ అన్నాన్నే బాక్సులో పట్టుకెళ్ళి తూయిస్తే వంద కూడా లేదు.

"డాక్టరుగారు చెప్పింది బియ్యం లెక్కా, వండిన అన్నం లెక్కా చెల్లెమ్మా?" అన్నాడు కిరాణా కొట్టు అన్నయ్య.

నాకు తెలీదు. అడగాలని కూడా తోచలేదు.

"ఆకలేస్తోందాండీ?" అని రాత్రి ఆయన్ని అడిగాను.

"నువ్వు కొలిచే పెడుతున్నావుగా" అన్నారు.

ఇంకో గరిటె వేశాను. గబగబా తినేశారు. అది చూశాక మళ్ళీ వెయ్యడానికి భయమేసింది, గిన్నె మీద మూత పెట్టడానికీ చెయ్యి రాలేదు.