మెచ్చుకోలుకు రిజిస్టరు లేదు

తాటిగుట్ట, కోరుట్ల దగ్గర
ఫిబ్రవరి 1983

జగిత్యాల బోరింగుల ఆఫీసు పెద్ద సారు పురుషోత్తం రావు గారికి దండాలతో తెలియజేయునది.

నా పేరు కొలనూరి మొగిలవ్వ. భర్త రాజయ్య, కాలం చేశాడు. వయసు అరవై ఎనిమిది అని పంతులు వేశారు. నన్నడిగితే ఇంకో రెండు వేయమందును. ఇంట్లో నేను, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దించే కొడుకు భీమయ్య, కోడలు పోచవ్వ, తోలు పని చేసే మరిది బుచ్చయ్య, ఒక మేక ఉంటాం. మేక కూడా నీళ్ళు తాగుతుంది కనుక లెక్కలో రాయించాను.

నాకు అక్షరం రాదు. రాస్తున్నది మా బడి గంగారాం పంతులు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమంటే "అవ్వా, ఆఫీసుకు పుస్తకాల భాషలనే రాయాలె, లేకుంటే సదువరు" అన్నారు. ఉత్తరం ఆయన భాషలో, చివరి మాట నా భాషలో అని ఒప్పందం చేసుకున్నాం. 'దొరా' అని మొదలుపెట్టలేదని కోపం చేసుకోవద్దు. ఆ మాట నాలుగేళ్ళుగా మా ఊళ్ళో ఎవరి నోటికీ రావడం లేదు.

ఇక సంగతి. మా వాడ మొత్తానికి ఒకటే బోరింగు. అది దీపావళికి ముందే చెడిపోయింది. మూడుసార్లు కోరుట్ల నడిచి పోయి, మీ చిన్న ఆఫీసు రిజిస్టరులో రాయించాను. నాలుగోసారి, బుధవారం నాడు, అక్కడి గుమస్తా పరశురాములు రిజిస్టరు మూసేశాడు. సిరిసిల్ల మనిషి. "అవ్వా, గిది రాస్తె జగిత్యాల పోతది, ఆడికెళ్ళి హైదరాబాదు పోతది, మళ్ళ అచ్చేసరికి ఎండకాలం ఎల్లిపోతది. పా, పోయి సూద్దాం" అని సైకిలు తీశాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకున్నాడు. నా జన్మలో సైకిలెక్కడం అదే మొదలు.

వచ్చి బోరింగుకు చెవి ఆనించాడు. "సాంచెల నడుమ పుట్టినోన్ని, ఇనుము ఏడిస్తె నాకెరుకైతది" అన్నాడు. మరమగ్గాల మధ్య పెరిగిన మనిషికి ఆ చెవి ఉంటుంది కాబోలు. తన పానాతో తనే విప్పాడు. లోపల తోలు వాషరు అరిగి చింకి గుడ్డలా ఉంది. కొత్తది వేశాడు. నీళ్ళు పడ్డాయి. మొదటి చెంబు నేను పోస్తే దోసిలి పట్టి తాగాడు. సర్కారు ఉద్యోగి మా వాడలో నీళ్ళు తాగడం కూడా నేను చూడటం అదే మొదలు.

వచ్చే నెల పెద్ద గుమస్తాల జాబితా తయారవుతుందట. ఆ కుర్చీ ఈ మనిషికి దక్కాలని నా అర్జీ.

ఇట్లు, మొగిలవ్వ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: మా వాడ నర్సవ్వ, సాయవ్వ (వేలిముద్రలు).

చివరి మాట: సారూ, పరశురాములు గీ ఉత్తరం వద్దన్నడు. "అవ్వా, నీ కాళ్ళు మొక్కుత, నన్ను మెచ్చుకోకు" అన్నడు. ఎంత అణకువనో సూడు!

*

జగిత్యాల
మార్చి 1983

శ్రీమతి కొలనూరి మొగిలవ్వ గారికి,

మీ ఫిర్యాదు అందినది. దానికి 114వ నంబరు ఇవ్వబడినది. మీరు మెచ్చుకుంటూ రాసినట్లు గమనించాము. అయితే ప్రజల ఉత్తరాలకు మా ఆఫీసులో ఫిర్యాదుల రిజిస్టరు ఒక్కటే కలదు. మెచ్చుకోలుకు రిజిస్టరు లేదు.

మీ ఫిర్యాదు వలన తేలిన విషయాలు గంభీరమైనవి. సదరు గుమస్తా బుధవారం పనివేళల్లో సీటు వదిలినాడు. మెకానిక్కు ముట్టవలసిన బోరింగును గుమస్తా ముట్టినాడు. పైగా మా స్టోరులో రెండేళ్ళుగా ఒక్క వాషరు కూడా లేదు. లేని వాషరు అతనికి ఎక్కడ దొరికినది? సంజాయిషీ కోరుతూ అతనికి మెమో పంపడమైనది.

ఇట్లు,
పురుషోత్తం రావు, ఆఫీసరు.

తా.క. ఫిర్యాదుదారును సైకిలుపై ఎక్కించుకొనుటపై నిబంధన ఏమున్నదో వెతుకుతున్నాము. దొరికిన వెంటనే తెలియజేస్తాము.

*

తాటిగుట్ట
మార్చి 1983

పురుషోత్తం రావు సారు గారికి మొగిలవ్వ రాయించునది.

నేను బెల్లం పంపితే మీరు వేపాకు అని రాసుకున్నారు. పంతులు మీ జవాబు చదువుతుంటే, నాకు వినబడలేదేమోనని రెండుసార్లు చదివించాను. రెండుసార్లూ అదే ఉంది.

మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. ఆ వాషరు మీ స్టోరుది కాదు, దొంగది కాదు. మా మరిది బుచ్చయ్య కోసింది. తంగేడు చెక్కతో ఊని పదును చేసిన దున్నపోతు తోలు. పరశురాములు పాత వాషరు చేతికిచ్చి "మామా, గిసొంటిది నువ్వు కోస్తవా?" అని అడిగాడు. తాత ముత్తాతల నుంచి మోట బొక్కెనలు కుట్టిన ఇల్లు మాది. బుచ్చయ్య ఆముదం పూసి, కత్తితో ఒక్క తిప్పు తిప్పి కోసిచ్చాడు. చేసినందుకు ఎవరూ ఏమీ తీసుకోలేదు. పరశురాములు మాత్రం మా గడపలో కూర్చుని మక్కగటక, పుంటికూర తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఆ మాట మీరు అతని కాగితాల్లో రాసుకోవాలి.

ఇంకోటి. తాను రోజూ రాలేనని, నర్సవ్వకు, పోచవ్వకు, సాయవ్వకు బోరింగు విప్పడం, బిగించడం నేర్పాడు. పానా కూడా మాకే వదిలిపెట్టాడు. ఇప్పుడు పక్క ఊరి వాళ్ళు కూడా మా ఆడవాళ్ళను పిలుచుకుపోతున్నారు. ఇంత పని చేసిన మనిషికి మెమో ఇస్తారా?

ఇట్లు, మొగిలవ్వ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: నర్సవ్వ, బుచ్చయ్య.

చివరి మాట: సీటు ఇడిసిండని అంటివి. మొన్న నేను జగిత్యాలకు అచ్చి మీ ఆఫీసు సూసిన. కుర్చీల మీద ఏడు తువ్వాలలున్నయి, మనుషులు ఇద్దరే ఉన్నరు. తువ్వాల ఏసి పోతె కొలువు చేసినట్టేనని ఎవలన్న పరశురాములుకు చెప్పద్దా?

ఇంకో చివరి మాట: మొన్న అడివిల అన్నలచ్చిన్రు. బోరింగు నీళ్ళు తాగి "గిసొంటి గుమస్తాలు నలుగురుంటె ఇగ మాకేం పనుంటది" అన్నరు. తెల్లారి పోలీసులచ్చిన్రు. వాళ్ళు గవే నీళ్ళు తాగి "మంచిగున్నయవ్వా" అన్నరు. అటోళ్ళు ఇటోళ్ళు మెచ్చిన మనిషి నీ ఆఫీసుల ఇంకొకడున్నడా?

*

జగిత్యాల
మార్చి 1983
అతి రహస్యం

శ్రీమతి మొగిలవ్వ గారికి,

మీ రెండవ ఫిర్యాదు, నంబరు 127, అందినది. అందులోని చివరి పేరా చదివిన మా హెడ్ గుమస్తా సెలవు పెట్టి ఇంటికి వెళ్ళినారు. ఇంకా తిరిగి రాలేదు.

గుమస్తా పరశురాములుపై ఇదివరకటి అభియోగాలకు తోడు ఈ క్రిందివి కూడా చేర్చవలసి వచ్చినది: ప్రజల నుంచి భోజనం స్వీకరించుట, అదీ రెండుసార్లు వడ్డించుకొనుట, సర్కారు బోరింగులో శాఖకు సంబంధించని దున్నపోతు తోలు అమర్చుట, పై ఉత్తర్వులు లేకుండా స్త్రీలకు శిక్షణ ఇచ్చుట. అన్నిటికంటే ముఖ్యంగా, ఉభయ పక్షాల చేత మెచ్చుకోబడుట. దీనిని ఏ ఫైలులో పెట్టాలో, అసలు ఫైలులో పెట్టవచ్చునో లేదో మాకు తెలియుట లేదు.

జాబితాలో అతని పేరు ప్రస్తుతానికి ఆపివేయడమైనది. మా మెకానిక్కు వచ్చి సదరు వాషరును తొలగించి, బోరింగును పూర్వ స్థితికి తెస్తాడు. సహకరించగలరు.

ఇట్లు,
పురుషోత్తం రావు.

తా.క. అమ్మా, మీకు నమస్కారం. జాబితా ఈ నెలాఖరున మూసేస్తాము. మీరు ఇంకొక్క మెచ్చుకోలు రాయించారంటే అతని ఉద్యోగమే పోతుంది.

*

తాటిగుట్ట
మార్చి 1983

ఆఫీసరు పురుషోత్తం రావు సారు గారికి,

నేను, కొలనూరి మొగిలవ్వ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా, మీ గుమస్తా పరశురాములు మీద ఫిర్యాదు చేస్తున్నాను. వెనకటి రెండు ఉత్తరాల్లో చెప్పిన పరశురాములు ఎవరో వేరే మనిషి. ముసలిదాని చూపు.

అసలు పరశురాములు ఎట్లాంటివాడో చెబుతాను. పది గంటలకు కుర్చీలో కూర్చుంటే అయిదు వరకు లేవడు. లేవగా చూసిన మనిషి కోరుట్లలో లేడు. ఎండలో ఆరు మైళ్ళు నడిచి పోతే తలెత్తకుండా "రేపు రా" అంటాడు. రేపు పోతే "పైకెళ్ళి కాయితం రాలే" అంటాడు. రిజిస్టరులో అక్షరాలు జొన్నకంకి గింజల్లా పేరుస్తాడు గానీ బోరింగును చచ్చినా ముట్టడు. పానా చూపిస్తే "గిదేంది?" అని అడుగుతాడు. మా వాడ ఏ దిక్కున ఉందో ఆయనకు తెలియదు. గటక పెడతామంటే ముక్కు మూసుకున్నాడు. ఎవరికీ ఏదీ నేర్పడు. ఆయన పేరు అన్నలు వినలేదు, పోలీసులు వినలేదు. కట్టుకున్న పెళ్ళామే ఒకటికి రెండుసార్లు అడిగి గుర్తుపడుతుందట.

ఇట్లాంటి రాయిని మా నెత్తిన ఎందుకు పెట్టారు? ఎక్కడికైనా పంపించండి.

ఇట్లు, మొగిలవ్వ ఎడమ బొటనవేలి ముద్ర. కోపంతో గట్టిగా వేసినందున కాగితం చిరిగింది.
సాక్షులు: నర్సవ్వ, సాయవ్వ.

చివరి మాట: నీ మెకానిక్కు వాషరు తీస్తనని అచ్చిండు. పానా తేలె. మేమే ఇచ్చినం. ముందుగాల ఏది ఇప్పాల్నో తెలుస్తలేదంటె నర్సవ్వ సూపెట్టింది. "దూపయితుంది" అంటె నీళ్ళు పోసినం. మూడు చెంబులు తాగి, పానా నా చేతుల పెట్టి "అవ్వా, గీ నీళ్ళు తాగినంక గీ వాషరెట్ల తీస్త?" అని మర్లిపోయిండు. ఆయన మీద సుత ఫిర్యాదు రాయించాల్నా? జెర్ర చెప్పు.

*

జగిత్యాల
ఏప్రిల్ 1983

శ్రీమతి మొగిలవ్వ గారికి,

మీ మూడవ ఫిర్యాదు, నంబరు 131, క్షుణ్ణంగా పరిశీలించడమైనది. అందులో పేర్కొన్న గుమస్తా ప్రవర్తన శాఖ నిబంధనలకు అన్ని విధాలా అనుగుణంగా ఉన్నట్లు తేలినది. సీటు వదలకపోవుట, బోరింగు ముట్టకపోవుట, ఎవరి చేతా మెచ్చుకోబడకపోవుట ప్రశంసనీయం. కనుక వెనకటి మెమోలు రద్దు చేసి, పరశురాములును పెద్ద గుమస్తాగా సిరిసిల్లకు నియమించడమైనది.

మెకానిక్కు తన నివేదికలో వాషరు కనబడలేదని రాసినాడు. కనబడని వాషరును తొలగించుట సాధ్యం కాదు.

ఇట్లు,
పురుషోత్తం రావు.

తా.క. ఇది టైపిస్టుకు చూపకుండా నా చేత్తో రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇంత ప్రేమగా రాసిన ఫిర్యాదు చదవలేదు. ఒక సంగతి. మా ఆఫీసు ఆవరణలో బోరింగు ఆరు నెలలుగా పనిచేయడం లేదు. వాషరు కోసం నేనే నాలుగుసార్లు హైదరాబాదుకు రాశాను. హోటలు నుంచి నీళ్ళు తెప్పించుకుంటున్నాము. మీ బుచ్చయ్య దగ్గర తోలు ముక్క ఇంకేమైనా మిగిలిందా?

*

తాటిగుట్ట
ఏప్రిల్ 1983

పురుషోత్తం రావు సారుకు మొగిలవ్వ రాయించునది.

పరశురాములు పోయే ముందు మా ఇంటికి వచ్చాడు. కొత్త కుర్చీ వచ్చిందని సంతోషం, మమ్మల్ని వదిలి పోతున్నానని దిగులు, రెండూ ఒక్క ముఖంలో పట్టలేదు. "నన్ను గంత తిట్టినవట గదవ్వా" అన్నాడు. "మెచ్చుకుంట పోతె నీ కొలువే పోయేటట్టుండె కొడుకా, ఏం జెయ్యాలె?" అన్నాను. ఆ ఫిర్యాదు రాసేటప్పుడు పంతులు "అవ్వా, అన్ని అబద్దాలే" అని మూడుసార్లు కలం కింద పెట్టారు. "అబద్దం కాదయ్యా, ఆఫీసు భాష. నువ్వే కదా ఆ భాషల రాయాలంటివి" అన్నాను.

మనిషి పోయాడు గానీ ఆయన పని పోలేదు. బోరింగు నడుస్తోంది. పానా నా ఇంట్లో చూరుకు వేలాడుతోంది.

మీ సంగతి. ఈ రోజు ఆదివారం గనుక పొద్దున్నే మేము జగిత్యాల వచ్చి, మీ ఆఫీసు ఆవరణలో బోరింగు విప్పి, బుచ్చయ్య కోసిన వాషరు వేసి బిగించాం. మీ కాపలామనిషి "కాయితం ఏది?" అని అడ్డం వచ్చాడు. పోచవ్వ పానా చూపించింది. నీళ్ళు పడ్డాయి. మేం నలుగురు ఆడవాళ్ళం ముందు తాగాం, తర్వాత కాపలామనిషి తాగాడు. మీరూ కొట్టి చూసుకోండి. మొదట రెండు చెంబులు తుప్పునీళ్ళు వస్తాయి, పారబోయండి.

చివరి మాట: సారూ, తా.క.ల మనిషి లెక్క మాట్లాడినవ్. నువ్వు సుత మంచోనివే. హైదరాబాదుల నీ పై సారుకు నిన్ను మెచ్చుకుంట ఒక ఉత్తరం రాయిద్దామని కూసున్న. మళ్ళ నీ పిల్లలు యాదికచ్చిన్రు. గందుకే నువ్వు ఒట్టి పనికిరానోనివని, సీటు ఇడువవని, ఎవలకు ఒక్క చెంబెడు నీళ్ళు సుత పుట్టించలేదని మంచిగ తిట్టి పంపిన. భయపడకు. నీకు సుత పెద్ద కుర్చీ అస్తది.

ఇట్లు, కొలనూరి మొగిలవ్వ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: నర్సవ్వ, పోచవ్వ, సాయవ్వ (వేలిముద్రలు).
నాలుగో సాక్షి: పరశురాములు, పెద్ద గుమస్తా, సిరిసిల్ల (సంతకం). ఆదివారం గనుక సీటు వదిలినట్టు కాదు.