కరియ చెవిలో పిడుదులు

పాపా,

నువ్వు పోయినాక ఇదే మొదటి ఉగాది. ఎండలు మొదలయ్యేసరికి నీ కుక్క కరియకు చెవుల నిండా పిడుదులు పట్టినాయి. కూడు ముట్టడం మానేసింది. మీ నాయన ఆవులకు పూసే మందు డబ్బా తెచ్చినాడు.

"ఏమ్మే, ఊర్లో అందరూ కుక్కలకు ఇదే పూస్తాండారు."

"ఒళ్లు నాక్కొని చచ్చిపోతాదని పాప ఎన్నిసార్లు చెప్పింది నీకు? ఆ డబ్బా ఆడ పెట్టు," అన్నాను.

ఆటోలో హిందూపురం పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించినాను. చెవిలోవి మాత్రం ఇంట్లో మెల్లగా తీయాలని డాక్టరు చిన్న పట్టకారు ఇచ్చినాడు. నిన్ను తప్ప ఎవరినీ చెవి ముట్టనివ్వదు కదా అది. నన్ను కరవబోయింది.

అప్పుడు నీ పచ్చ చున్నీ తీసినాను. నీ వాసన పోతుందని ఇన్నాళ్లూ దాన్ని ఉతకకుండా పెట్టెలో దాచినాను. ఒళ్లో పరిచేసరికి కరియ దాంట్లో మూతి దూర్చి కదలకుండా పడుకుంది. ఒక్కొక్కటే లాగి సబ్బునీళ్లలో వేసినాను.

ఇప్పుడు చున్నీ నిండా కుక్క వాసనే. పోనీలే. సాయంత్రం కరియ సంగటి తినింది. రేపు కూడా ఆ చున్నీనే పరుస్తాను. ఒక్క పిడుదునూ మిగలనివ్వను.

అమ్మ