తెగని కొంగు

11-2-1954

కుడి చెయ్యి బాగానే ఉంది, రాయగలను. ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగింది — పిండికట్టు వేశారు, రోలు మోస్తున్నట్టుంది. వీపంతా చెక్కుకుపోయింది. వెల్లకిలా పడుకోలేను, బోర్లా పడుకోలేను. కడప ఆసుపత్రిలో ఇది ఆరో రోజు. బతికున్నాను. ముందు ఆ మాట రాసుకోవాలి... బతికున్నాను.

12-2-1954

జరిగింది ఒక్కసారి రాసేస్తాను. మళ్ళీ రాయను.

మా పుట్టింటి నుంచి కమలాపురం తిరిగి వస్తున్నాం. మోటారు సైకిలు మీద మా ఆయన ముందు, నేను వెనక, కాళ్ళు ఒక పక్కకు వేసుకుని. నాయన నేసిచ్చిన కొత్త చీర, కట్టడం అదే మొదలు. ఎర్రగుంట్ల నాపరాళ్ళ గనులు దాటాం. ముందు బస్సు. దాన్ని దాటాలని ఈయనకు హుషారు. వద్దని నేనన్నానా? లేదు. నిజం చెప్పాలంటే నవ్వుతున్నాను. ఎవరో భుజం పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది. కొంగు వెనక చక్రంలో పడింది. ఆకాశం కనిపించింది, తర్వాత కంకర.

ఈయనకు మోకాళ్ళు మాత్రం దోక్కుపోయాయి. దేవుడి దయ.

13-2-1954

ఈయన మంచం పక్కన కూర్చుని ఏడుస్తారు. "నన్ను తిట్టు మే, అట్ల చూడగాకు..." సరేనని తిట్టాను. బాగా తిట్టాను, నర్సమ్మ తొంగి చూసేంతగా. ఆ తర్వాత మనిషి ఇడ్లీ తిన్నారు.

14-2-1954

మస్తాన్ వచ్చాడు. నాపరాళ్ళ బండి తోలే మనిషి. ఆ రోజు అతను లేకపోతే ఈ డైరీ ఏ ఉప్పు పొట్లానికో పోయేది. కొంగు చక్రానికి చుట్టుకుని నా గుండెల మీద బిగుసుకుపోతుంటే కొడవలితో కోశాడట. బండిలో రాళ్ళన్నీ రోడ్డు పక్కన దించేసి, నన్ను పడుకోబెట్టి, ఎర్రగుంట్ల దాకా తోలాడు. నాకేమీ గుర్తు లేదు. ఎద్దుల మెడ గంటలు మాత్రం గుర్తు.

బెల్లం తెచ్చాడు, చెనిక్కాయలు తెచ్చాడు. ఇంకొకటి కూడా — ఆ కోసిన కొంగు ముక్క. వాళ్ళ ఇంటామె ఉతికి, మడత పెట్టి పంపించింది. మూరెడు గుడ్డ. గ్రీజు మరక పోలేదు.

నాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో తెలియక మస్తాన్ మురిసిపోతూ చెప్పాడు. "ముందు చేత్తోనే చింపల్లని చూస్తి తల్లీ. నేనూ మీ ఆయప్పా ఇద్దరం గుంజితిమి. ఊహూ... తెగల్యా. ఎవురు నేసినాడో గానీ మహానుభావుడు, గుడ్డ కాదది, ఇనుము!"

ఎంత మంచి మనసుతో అన్నాడో! నాయన ముఖం చూశాను. ముక్కను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. లాగాడు. ఇంకా గట్టిగా లాగాడు, మెడ నరాలు తేలేదాకా. తెగలేదు. మడిచి చంకలో పెట్టుకుని బయటికి పోయాడు. సాయంత్రం దాకా రాలేదు.

ఈ చీర ఇచ్చేటప్పుడు ఎంత గర్వం... "నీ మనవరాలు కట్టినా పోగు కదలదు పాపా."

15-2-1954

నాయన ఊరికి పోయాడు. పోతూ తల నిమిరాడు.

20-2-1954

రైల్లో ఇంటికి. కమలాపురం స్టేషను చూడగానే ఏడుపొచ్చింది. ఎండుమిరపకాయలు, ఉప్పు పిడికిట పట్టుకుని అమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. దిష్టి తీసింది. మిరపకాయలు ఘాటెత్తలేదు. "చూసినావా, ఎంత దిష్టో!" ఘాటెత్తి ఉంటే ఇంకేదో అనేది మా అమ్మ.

రాగి సంగటి, ఊరిబిండి. నా ఇంట్లో, నా పీట మీద. ఇంతకన్నా ఏం కావాలి?

22-2-1954

అమ్మను గుచ్చి గుచ్చి అడిగితే ఇవాళ బయటపెట్టింది. నాయన మగ్గం ముట్టుకోవడం లేదు. "మగ్గం గుంతలో కాలు పెట్టల్యా పాపా. సగం నేసిన చీర అట్లే ఉండాది, దుమ్ము పడతాండాది. నా చేతి గుడ్డే నా కూతుర్ని సంపబోయెనే అంటాడు. ఇంగ నోరు తెరవడు."

నలభై ఏళ్ళుగా తెల్లవారుజామున గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చున్న మనిషి. జ్వరమొచ్చినా దిగేవాడు. పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే ఆ నాడె చప్పుడు లేకపోతే మా ఇంట్లో ఎవరికీ తెల్లవారేది కాదు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని వీధి చూస్తున్నాడట. అట్లా కూర్చున్నవాళ్ళు ఎన్నాళ్ళుంటారు?

నా చెయ్యి దానంతటదే అతుకుతుంది. నాయన గుంతలోకి దిగాలి. ఇప్పుడు నాకు కావలసింది అదే.

3-3-1954

ఈయన కర్నూలు పోయి వచ్చారు, చక్రం ఊచలకని. రాజధాని రాజధాని అంటారే, ఎక్కడ చూసినా డేరాలేనట, ఆఫీసులు డేరాల్లో, ఫైళ్ళ మీద రాళ్ళు, గాలికి ఎగిరిపోకుండా. నవ్వితే వీపు నొప్పి. అయినా నవ్వాను.

ఊచలతో పాటు మూరెడు ఇనుప వల తెచ్చారు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

11-3-1954

నాయనకు కార్డు రాశాను: చెయ్యి కుదురుతోంది, నువ్వు మగ్గం గుంతలోకి దిగు. ఎదురింటాయన చేత జవాబు రాయించాడు. "కట్టు తడపగాకు. బరువు ఎత్తగాకు." అంతే. మగ్గం మాట లేదు. మొండిఘటం. నేనెవరి కూతురినో మరి.

20-3-1954

కట్టు విప్పారు! చెయ్యి కోడికాలంత అయింది, తెల్లగా, నాది కానట్టు. వేళ్ళు కదులుతున్నాయి, అయిదూ. కడప నుంచి వస్తూ రైల్లో కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను, ఎడమ చేత్తోనే. ఎవరెవరికి దణ్ణం పెట్టాలి — మస్తాన్‌కు, వాళ్ళ ఎద్దులకు, కట్టు వేసిన డాక్టరుకు, నాకు సెలవు పొడిగించిన మా బడి హెడ్మాస్టరుకు...

4-4-1954

ఉగాది. ఈ ఏటి చేదు ముందే తినేశాం, పచ్చడిలో వేపపువ్వు తగ్గించమన్నాను. పండక్కి వచ్చిన అమ్మ కేకలేసింది. నాయన రాలేదు. మధ్యాహ్నం పోయి అమ్మను బస్సెక్కించి వచ్చాను. అక్కడ ఆయనకు వండిపెట్టేవాళ్ళు లేరు.

9-4-1954

ఈయన వాకిట్లో బండి స్టార్టు చేశారు. నేను వంటింట్లో. చేతిలో చెంబు జారిపోయింది. ఇంత భయం ఉందని నాకే తెలీదు. నేను పాఠాలు చెప్పే బడి నాలుగు మైళ్ళు. జూన్‌లో బడి తెరుస్తారు. నడుస్తానా? బతికుంటే బలుసాకు తినొచ్చు, నిజమే. కానీ ఎన్నాళ్ళని బలుసాకు?

11-4-1954

ఎక్కాను.

ముందు తయారీ రాయాలి, నవ్వొస్తుంది. వెనక చక్రానికి రెండు వైపులా ఇనుప వల, కర్నూలుదే, చేత్తో బిగించారు. నా కాళ్ళకు ఒక చిన్న పలక. ఆయన గడ్డం గీసుకునే అద్దం తీసి హ్యాండిలుకు కట్టారు. "రోడ్డు చూసేదానికా?" అన్నాను. "నీ కొంగు చూసేదానికి." ఇప్పుడు గడ్డం చెంబులో నీళ్ళు చూసి గీసుకుంటున్నారు, రెండు గాట్లు.

బండి కదిలే ముందు "కొంగు?" అని అడుగుతారు. నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపుకుని "దోపినా" అని నేను చెప్పాలి. చెప్పేదాకా కదలదు.

పాపాఘ్ని ఒడ్డు దాకా పోయి వచ్చాం. కళ్ళు మూసుకునే ఉన్నాను. ఒక ఎద్దులబండి మమ్మల్ని దాటిపోయింది. బండాయన వెనక్కి తిరిగి "ఏమప్పా, చెడిపోయిందా?" అన్నాడు. "లేదన్నా, బుద్ధొచ్చింది" అన్నారు ఈయన.

25-4-1954

మా పుట్టింటికి వచ్చాం. బస్సులో రావచ్చు. కావాలనే బండి మీద వచ్చాను. నేను భయపడలేదని కళ్ళారా చూస్తే నాయన మనసు మారుతుందని. ఎంత తెలివి!

దారిలో గనుల దగ్గర ఆగాం. మస్తాన్‌కు పంచె, వాళ్ళావిడకు గాజులు. ఎద్దులకు ఒక్కోదానికి ఒక్కో బెల్లంగడ్డ, నా ఎడమ చేత్తో.

వీధి మలుపు తిరిగేసరికి నాయన అరుగు మీదున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూశాడు, బండిని చూశాడు. లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు! నాకు కోపమొచ్చింది. తలుపు బాదాను. "ఎన్ని రోజులు ఇట్ల? నన్ను పడేసింది మేం పోయిన స్పీడు. నీ చీర కాదు నాయనా!"

లోపల్నుంచి నాయన గొంతు: "దోపిన కొంగు ఊడితే?"

"వల ఉండాది."

"వల ఊడితే?"

కొంగు ఇంకోసారి దోపుకుని అమ్మ దగ్గరికి, వంటింట్లోకి పోయాను.

సాయంత్రం నాయన బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. వలలో వేలు పెట్టి చూశాడు. నా కొంగు బొడ్లోంచి తీసి, ఏదో కొలిచినట్టు, అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు. అన్నం తినేటప్పుడు కూడా పరధ్యానమే.

12-5-1954

అమ్మ దగ్గర్నుంచి కార్డు! నాయన గుంతలో దిగాడు! పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా. ఏం నేస్తున్నాడో చూడనివ్వడంలేదట, దగ్గరికి పోతే కసురుతున్నాడట. కసరనీ! కార్డు నాలుగుసార్లు చదివాను. ఈయనకు చదివి వినిపించాను. ఆయన దగ్గు నటించారు.

28-5-1954

ఎండలు. బండి మీద సాయంత్రాలే. ఇప్పుడు కళ్ళు తెరుచుకునే కూర్చుంటున్నాను. వంతెన దగ్గర నేరేడుచెట్టు ఉందని ఇన్నేళ్ళూ చూడనే లేదు — ఎప్పుడూ దూసుకుపోయేవాళ్ళం కదా.

12-6-1954

నాయన వచ్చాడు. బస్సులో, చంకలో మూటతో. కాఫీ కూడా తాగకుండా మూట విప్పాడు.

చీర. వంకాయ రంగు, సన్నటి పసుపు అంచు. ఎంత బాగుందో!

"ఈడ చూడు" అన్నాడు. చీరకూ కొంగుకూ మధ్య వేలెడంత వెడల్పున అడ్డంగా నేసే పేక లేదు, నిలువు పడుగు పోగులు వట్టిగా కనిపిస్తున్నాయి. కొంగు పడుగు వేరేగా తెచ్చి అక్కడ అతికాడు. ఒక్కొక్క పోగుకూ ముడి వెయ్యకుండా, గంజి అద్దకుండా, వట్టిగా పురి తిప్పి వదిలాడు. వేల పోగులు. మసకబారిన ఆ కళ్ళతో.

"చక్రం పట్టుకుంటే కొంగు వరకే ఊడి పోతాది. నువ్వు మిగులుతావు."

ఆ వట్టి పోగుల మీద వేలు ఆనించాను.

"నా పనిలో ఎవుడూ అతుకు కనుక్కోల్యా నలభై ఏండ్లు. ఈ అతుకు ఊడల్లని నేసినా. ఊడుతుందో ల్యాదో నాకే తెలీదు. నువ్వు గుంజి చూడు."

"నువ్వే చూడు నాయనా."

చేతులు చాపాడు. పట్టుకున్నాడు. వదిలేశాడు. "నా చేతులు రావడంల్యా పాపా."

13-6-1954

రోజంతా నాయనది అదే పోరు. అన్నం ముందు — గుంజినావా? నిద్ర లేస్తూనే — గుంజినావా? గుంజితే ఊడిపోతుంది, అంత పనీ పోతుంది. గుంజకపోతే నాయనకు కంటి మీద కునుకు లేదు. నా మీద ఇంత ప్రేమేమిటి దేవుడా... ఎట్లా తీర్చుకునేది?

14-6-1954

సోమవారం. బడి తెరిచే రోజు. వంకాయ రంగు చీర కట్టుకున్నాను. వేళ్ళు తిన్నగా ఆ అతుకు దగ్గరికే పోతున్నాయి. ఎంత మెత్తగా ఉందో.

బయట బండి స్టార్టయింది. చెంబు జారలేదు, చేతిలోనే ఉంది. నాయన చక్రం దగ్గర గొంతుక్కూర్చుని వల కదిపి చూస్తున్నాడు. ఈయన పిలుస్తున్నారు — "కొంగు?"

"దోపినా" అన్నాను.

నాయన తలెత్తాడు. "గుంజి చూసినావా పాపా?"

దోపిన కొంగు తీసి, ఆ అతుకుకు అటొక చెయ్యి ఇటొక చెయ్యి వేసి పట్టుకున్నాను. ఎడమ చెయ్యి కూడా బాగానే పట్టుకుంటోంది...