గుడ్లు పిల్లలయ్యే వరకు

నగర ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా డాబాపై గల పెంపుడు పావురముల తొలగింపు – గడువు పొడిగించమని కోరుట గురించి.

తమ కార్యాలయం గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని నలుగురికీ అర్జీలు కొట్టిపెట్టే మనిషిని నేనే. ఇది మాత్రం నా సొంత అర్జీ. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు పావురములు నావి కావు, నా భార్యవి. లక్కా పావురాలంటారు, తోక విసనకర్రలా విప్పుకుని నడుస్తాయి. ఏ పోతును ఏ పెట్టతో జతకట్టాలో, ఏ పిల్ల కాలికి ఏ రంగు రింగు తొడగాలో అంతా ఆమెకే తెలుసు. నేను డాబా ఎక్కింది ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మాత్రమే.

2. ఆసుపత్రికి బయలుదేరిన రోజు ఆమె బండిలో కూర్చున్నాక నాతో ఈ క్రింది విధముగా చెప్పినది: "పొద్దున్నే మేత వెయ్యండి. నీళ్లు మార్చండి. మూల గూట్లో తెల్ల జత పొదుగుతోంది, ఆ గుడ్ల జోలికి మాత్రం పోకండి. పిల్లలయ్యేలోపు వచ్చేస్తాలే."

3. సదరు భార్య తిరిగి రాలేదు. మరణ ధ్రువపత్రం నకలు జతపరచడమైనది.

4. కింది వాటాలోని లెక్కల టీచరమ్మ తమకు ఫిర్యాదు చేసిన మాట వాస్తవమే. ఆరేసిన బట్టల మీద రెట్టలు పడుతున్న మాటా వాస్తవమే. ఆమెను తప్పుపట్టను. అంతా అయిపోయాక మెట్ల మీద ఎదురుపడి, "కాగితం ముందే పెట్టేశానండీ, ఇలా అవుతుందని తెలీదు" అని ఏడ్చేసింది. ఓదార్చడం నా వంతయింది. నాకైతే ఇంతవరకు ఏడుపు రాలేదు. ఈ చివరి వాక్యం విషయానికి సంబంధించినది కాదు కనుక కొట్టివేసినట్లు భావించవలెను.

5. తమరు దయతలచి, "ప్రస్తుతం పొదుగుచున్న గుడ్లు పిల్లలయ్యే వరకు" తొలగింపు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చియున్నారు. నిన్న తమ శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి గూట్లోకి తొంగిచూసి, "ఇంకా పొదగడమేంటండీ బాబూ! ఎప్పుడో అయిపోవాలి. మురిగిపోయుంటాయి, తీసి పారెయ్యండి. సోమవారం వల పట్టుకొస్తా" అన్నారు. ముట్టుకోవద్దని చెప్పిందన్నాను. "ఎవరు?" అన్నారు.

6. పగలు పోతు కూర్చుంటుంది. సాయంత్రమయ్యేసరికి పెట్ట వచ్చి దాన్ని పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది, డ్యూటీ మారినట్టు. ఆ వేళకు రోజూ నేను పైనే ఉంటున్నాను. అన్నం తిన్నానో లేదో గుర్తుండటం లేదు గానీ ఇది మాత్రం తప్పడం లేదు. ఆ గుడ్లు పిల్లలైతే, ఆమె వెళ్తూ చెప్పిన మాటల్లో ఒక్కటైనా జరిగినట్టుంటుంది. దీనికి ఏ నిబంధన వర్తిస్తుందో, ఇన్ని అర్జీలు కొట్టిన నాకే తెలియకున్నది.

కావున తమరు పెద్దమనసు చేసుకుని మరికొంత గడువు ఇప్పించి, సోమవారం వల రాకుండా ఆపించవలెనని నా మనవి. ఈ సంగతి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేటు పక్క టైపు మిషను వాడు

తా.క.: కాగితం మడిచేముందు ఒకసారి పైకి వెళ్లాను. రెండూ గూడు వదిలేసి పిట్టగోడ మీద కూర్చున్నాయి. అప్పుడు మొదటిసారి ఆ గుడ్లు చేతిలోకి తీసుకున్నాను. చెక్కవి. గరుకు కాగితంతో నున్నగా రుద్ది తెల్లరంగు వేసినవి.

మరదలికి ఫోన్ చేశాను. "పెట్ట నీరసపడితే అక్క అసలు గుడ్లు తీసేసి చెక్కవే పెట్టేది కదా బావా, పిల్లల్ని మేపే పని తప్పి దానికి కాస్త ఊపిరాడుతుందని. అవెక్కడ పిల్లలవుతాయి? మీకు తెలీదా?" అంది.

నాకు తెలీదు. ఆమెకు తెలుసు. తెలిసే, పిల్లలయ్యేలోపు వచ్చేస్తానంది. తాను ఇక రానని కూడా ఆమెకు తెలుసయ్యా. గూటి ముందే కూలబడ్డాను. పైన నాలుగో అంశంలో ఏడుపు రాలేదన్న వాక్యం ఇప్పుడు నిజంగానే కొట్టివేయవచ్చును.

తమ ఉత్తర్వు మళ్లీ చదివాను. అందులో తేదీ లేదు, పిల్లలయ్యే వరకు అని మాత్రమే ఉంది. గుడ్లు తీసిన చోటే పెట్టేశాను. సోమవారం ఇన్‌స్పెక్టరు గారు వస్తే ఆ ఉత్తర్వే చూపిస్తాను.