అమ్మీ వెంట వెళ్లిన నా కార్డు

సెప్టెంబర్ 18, గురువారం

మా ఆయన బర్కత్, వాళ్లమ్మ మక్కాకు ఉమ్రా యాత్రకు బయలుదేరారు. వెళ్లేది ఇద్దరు, సాగనంపడానికి మా పహాడీ షరీఫ్ బస్తీ సగం కదిలింది. బర్కత్ పెళ్లికి ముందు నుంచీ ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడుపుతున్నాడు. ఎంతమందినో డిపార్చర్స్ దగ్గర దించాడు గానీ లోపలికి పోవడం ఇదే మొదటిసారి. గేటు దగ్గర కంగారులో పాస్‌పోర్ట్ బదులు డ్రైవింగ్ లైసెన్స్ తీసి చూపించాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. అమ్మీ, అదే మా అత్త, ఉరిమి చూసింది.

నా ఆడబిడ్డ ఇఖ్రా అందరూ వినేలా, అక్కడి బంగారం మస్తుంటదట, నా గాజులు యాదుంచుకో అమ్మీ, అంది.

బర్కత్ జేబులో ఉన్నది నా ఏటీఎం కార్డు. తన ఖాతాలో ఏది పడ్డా కారు ఈఎంఐ మింగేస్తుంది. నా ఖాతాలో ఉన్నది బ్లౌజులు కుట్టిన డబ్బు, ఓవర్‌లాక్ మిషన్ కోసం దాచుకున్నది. యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసి, పిన్ చెవిలో చెప్పాను. బ్యాంకు మెసేజ్‌లు మాత్రం నా ఫోన్‌కే వస్తాయి.

సెప్టెంబర్ 20

మొదటి మెసేజ్. రియాల్స్ తీశాడు. మక్కా అన్న పేరు బ్యాంకు మెసేజ్‌లో చూసినంతకే నాకు ఒళ్లు ఝల్లుమంది. కాసేపటికి చార్జీలు కోసిన మెసేజ్ వచ్చింది, ఆ ఝల్లు కాస్తా దిగిపోయింది.

బర్కత్ వాట్సాప్‌లో మాట్లాడాడు. కాబాను చూడగానే అమ్మీ చిన్నపిల్లలా ఏడ్చిందట. నాకూ ఏడుపొచ్చింది. మాటిమాటికీ తీయకు, అక్కడ గీసిన ప్రతిసారీ చార్జీ పడుతుందని చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

సెప్టెంబర్ 24

నిన్న ఒక మెసేజ్. ఈ రోజు పొద్దున్నే ఇంకొకటి. ఫోన్ చేస్తే ఎత్తడు. తిండి, రూమ్ అంతా ప్యాకేజీలోనే కదా, ఇంకేం ఖర్చు?

గాజులు. ఇంకేముంటాయి!

పక్కింటి రుక్కమ్మ బ్లౌజు కొలతలకు వచ్చి నా ముఖం చూసి అడిగింది. చెప్పాను. పైసలు తీస్తుండంటే మనిషి మంచిగున్నట్టే గదా బిల్కీస్, గింత పరేషాన్ ఎందుకే, అంది. ఆమె డబ్బు కాదు కాబట్టి ఎన్నయినా అంటుంది.

సాయంత్రం

యాప్ తెరిచి ఇంటర్నేషనల్ ఏటీఎం లిమిట్ తగ్గించేశాను. పూర్తిగా ఆఫ్ చెయ్యలేదు, అంత రాక్షసిని కాదు. చాయ్ బిస్కెట్‌కు సరిపడా వదిలాను. హాయిగా ఉంది.

సెప్టెంబర్ 25, మధ్యాహ్నం

మెసేజ్. డిక్లైన్డ్. లిమిట్ దాటిందట. గట్టిగా నవ్వుకున్నాను.

తర్వాత ఆ ఏటీఎం ఎక్కడుందో చదివాను. హాస్పిటల్, మక్కా.

పాతవి తీశాను. నిన్నటిది, మొన్నటిది, రెండూ అదే హాస్పిటల్. నేను డబ్బు చూశాను, మక్కా అని చూశాను, దాని ముందున్న మాట చదవలేదు.

అదే రోజు సాయంత్రం

లిమిట్ చివరిదాకా పెంచాను. బర్కత్ ఫోన్ స్విచాఫ్. వాట్సాప్‌లో ఏవేవో రాసి చెరిపేసి, చివరికి “పెంచాను, తియ్యి” అని మాత్రం పంపాను. ఒక్క టిక్ దగ్గరే ఆగింది.

గ్రూపును తీసుకెళ్లిన రాహిల్ భాయ్‌కి చేశాను. మిగతావాళ్లంతా మదీనా వెళ్లిపోయారట. మీ అత్తకు చక్కరొచ్చి, కండ్లు తిరిగి కింద పడ్డది, దవాఖానల పెట్టిన్రు, బర్కత్ పక్కనే ఉన్నడు, నువ్వు పరేషాన్ అయితవని నీకు చెప్పొద్దన్నడు, అన్నాడు.

నేను పరేషాన్ అవుతానని!

సెప్టెంబర్ 26

మెసేజ్ లేదు. రాహిల్ భాయ్ కూడా ఫోన్ ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 27

ఫోన్ టింగ్ అంటే చాలు, కుట్టు మిషన్ వదిలి ఉరుకుతున్నాను. కరెంటు బిల్లు. చీరల ఆఫర్. లోన్ కావాలా మేడమ్ అని బ్యాంకు. నాకు కావాల్సింది ఒక్కటే మెసేజ్. డబ్బు తీసినట్టు. ఖాతా ఊడ్చేసినా సరే.

అమ్మీకి నేనంటే పడదు. నా వంటకు వంక పెట్టని రోజు లేదు. నేనూ తక్కువదాన్ని కాదు. కానీ ఆమె అక్కడ మంచం మీద ఉంటే, మందుకు డబ్బు లేకుండా నా బొటనవేలితో ఆపాను. ఆమెకు ఏదైనా అయితే ఈ వేలు ఎక్కడ దాచుకోవాలి? అన్నం పోవడం లేదు.

సెప్టెంబర్ 28, ఉదయం

వచ్చింది! మదీనా. ఫోన్‌ను ముద్దు పెట్టుకున్నాను.

గంటలో బర్కత్ ఫోన్ చేశాడు. చార్జర్ పోయిందట, రాహిల్ భాయ్ కారు పంపితే మదీనా చేరారట, ఫోన్ చార్జింగ్ పెట్టగానే నా మెసేజ్ చూశాడట. అమ్మీ మంచిగున్నది, ఫికర్ చెయ్యకు, అన్నాడు. హాస్పిటల్ మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్టోబర్ 3

దిగారు. అమ్మీ సగమైపోయింది గానీ కొడుకు చెయ్యి పట్టుకుని నడిచే వచ్చింది. ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు. గాజులు లేవు. ఇఖ్రా బ్యాగు రెండుసార్లు వెతికింది.

సాయంత్రం ఇంటినిండా చుట్టాలు. అమ్మీ చెప్పింది. దవాఖాన నుంచి వదిలిన రోజే మక్కాలో ఆఖరు తవాఫ్ చెయ్యాలనుకుందట, కాబా చుట్టూ ఏడు చుట్లు. నడిచే శక్తి లేదు. చక్రాల కుర్చీ తోసేవాళ్లకు ఇద్దామంటే ఏటీఎం మిషన్ పైసలు ఇవ్వలేదు. బర్కత్ ఉచిత కుర్చీ వెతికి తెచ్చి, తనే తోశాడు.

కిరాయోడైతే ఉరికిస్తుండె, నా కొడుకు దువా చదువుకుంట నిమ్మళంగ తోలిండు, ఆ మిషన్ పైసలిస్తే నాకు గీ నసీబ్ యాడిది, అని కళ్లు తుడుచుకుంది.

బర్కత్ నా వైపు చూడలేదు.

అక్టోబర్ 4

చెప్పేశాను, లిమిట్ తగ్గించింది నేనే అని. తెలుసు, ఏటీఎం మిషన్ మీద లిమిట్ అని పడ్డది గదా, అన్నాడు. కోపం రాలేదా అంటే, ఆ దినం మస్తొచ్చింది, అన్నాడు. అమ్మీకి మాత్రం చెప్పకు, ఆమె ఖుషీ ఖరాబ్ చెయ్యకు, అన్నాడు. నాకు తిట్టించుకుంటేనే బాగుండేది.

అక్టోబర్ 6

నమాజ్ అయ్యాక అమ్మీ గట్టిగా దువా చేస్తోంది. నా కొడుకును, కోడలిని చల్లగా చూడు అంది. ఆ రోజు ఆ మిషన్‌ను ఎవరు ఆపారో, వాళ్లను కూడా చల్లగా చూడు అంది.

పక్క గదిలోంచి ఆమీన్ అన్నాను. వినపడకుండా.