తివాచీ అంచున దీవెన

బేగాయిమ్ వాళ్ళ నాన్నగారికి మీ భార్య సైరకాన్ సలాములు.

ఇక్కడ నేనూ, అత్తయ్యా, ఆవూ కులాసా. మీరు పనికి వెళ్ళిన ఆ త్యుమెన్ ఊరి చలికి మీ మోకాలు ఎలా ఉందో రాయండి. పొయ్యి గొట్టం సంగతి అడిగారు. మీ తమ్ముడు వచ్చి బాగుచేసి, లగ్మాన్ నాలుగు గిన్నెలు లాగించి మరీ వెళ్ళాడు. అత్తయ్య మందులు వేసుకుంటున్నారా అన్నారు. నేను చూస్తుంటే వేసుకుంటారు.

ఫోనులో అమ్మాయి పేరెత్తగానే పెట్టేస్తారు, అందుకే కాగితం పట్టాను. మొన్న శనివారం దాని నాటకానికి వెళ్ళాం. అత్తయ్యను తీసుకెళ్ళింది నేనే. కోప్పడితే నామీదే కోప్పడండి.

బజారు వెనక పాత రొట్టెల కొట్టు కింద గది అది. యాభైమంది కూడా పట్టరు. వేదికంటూ లేదు. నడుమ ఉన్ని తివాచీ, చుట్టూ మేము. అత్తయ్య తెల్ల ముసుగు చూసి కుర్రాళ్ళు లేచి, గుమ్మానికి ఎదురుగా పెద్దవాళ్ళ చోట కూర్చోబెట్టారు. ఆవిడ పాదాలు తివాచీ మీదే ఉన్నాయి.

బేగాయిమ్‌ది ఇల్లు విడిచి వెళ్ళే కూతురి వేషం. తండ్రి వేషగాడి ముందు తల వంచి, "దీవించు నాన్నా" అంది. అతను మొహం తిప్పుకున్నాడు. మూడేళ్ళ కిందట నాటకాల్లో చేరతానని అది మన గుమ్మంలో తల వంచితే మీరు తిప్పుకున్నట్టే. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏరా, రాయివా నువ్వు?" అన్నారు అత్తయ్య ఆ వేషగాడితో గట్టిగా. "పిల్ల అంతసేపు తల వంచుకుని ఉంటే నోరు పెగలదా నీకు?"

"అత్తయ్యా, నాటకం అది!" మోచెయ్యి పట్టుకుని లాగాను.

"నాటకమైతే ఏం? పిల్ల మనదే కదే! వదులు నన్ను."

దీవెనకు రెండు అరచేతులూ చాచారు. "నీ దారి తెల్లగా ఉండాలి తల్లీ. నీకు ఎదురయ్యేవాళ్ళు మంచివాళ్ళు కావాలి. ఎంత దూరం పోయినా మళ్ళీ మన గుమ్మానికి రా."

పెద్దవాళ్ళు చేతులు చాస్తే మనవాళ్ళు ఊరుకుంటారా? గదిలో అందరి అరచేతులూ తెరుచుకున్నాయి. ఆ తండ్రి వేషగాడు కూడా తిట్టాల్సిన మాటలు మరిచిపోయి, చేతులతో ముఖం తడుముకుని, దీవెనకు ముగింపుగా "ఓమిన్" అన్నాడు. తర్వాత ఆ నాటకాన్ని ఎలా లాక్కొచ్చారో దేవుడికే తెలియాలి.

అయిపోయాక అమ్మాయి రంగు కడుక్కోకుండానే పరుగున వచ్చింది. నానమ్మ చేతులు ముద్దు పెట్టుకుని, నాకేసి తిరిగి మెల్లగా అడిగింది.

"అమ్మా, ఈ దీవెన నాన్నే ఇమ్మన్నాడా?"

"అవునే. నీతో చెప్పడానికి మొహమాటపడి నానమ్మకు చెప్పాడు" అన్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో మీ పేరు చెప్పి నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే. నన్ను ఎన్నయినా అనండి, దానికి మాత్రం నిజం చెప్పకండి. నా భుజం మీద తల పెట్టి అది ఏడ్చిన ఏడుపు మీరు చూడలేదు. శుక్రవారం మీకు ఫోన్ చేస్తుందట. ఎత్తండి. ఏం మాట్లాడాలో తోచకపోతే మోకాలి నొప్పి గురించి చెప్పండి. దానికి అర్థమవుతుంది.

ఈ కాగితం మడిచాక, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకునైనా సరే, ఒక్కసారి అరచేతులు చాచి ఓమిన్ అనండి. అప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు.

ఇట్లు,
బేగాయిమ్ వాళ్ళ అమ్మ