ఎదుటి షాపు బ్లాగు

ప్రియమైన బుజ్జీ,

ఫోన్ చేద్దామంటే మాట మొదలెట్టగానే ఎవరో ఒకరు విరిగిన గొడుగు పట్టుకుని వచ్చేస్తారు. అందుకే కౌంటర్ మీద కంప్యూటర్‌లోనే టకటకా కొట్టేస్తున్నా. తప్పులుంటే నవ్వుకో, దిద్దకు. మీ ఆఫీసు వాళ్ళకని తీసుకెళ్ళిన గొడుగులు నచ్చాయా వాళ్ళకి?

నువ్వు చేసిపెట్టిన సైటు బాగానే ఉంది. కానీ ఒరేయ్, ఎదుటి సంచులావిడకి కూడా సైటు నువ్వే కదా చేసిచ్చావు. ఆవిడ సైటులో బ్లాగు ఉందట! నా సైటులో ఏముంది? ఫోటోలు, ఫోన్ నంబరు. అంతే. ఇవాళ ఒకమ్మాయి ఊచ విరిగిన గొడుగు తెచ్చి, "తడి గొడుగు ముడిచిపెట్టకూడదండీ, తెరిచే ఆరబెట్టాలి, ఎదుటి షాపు బ్లాగులో రాశారు" అని చెప్పింది. ఎవరికి? నాకు! తాతకి దగ్గులు నేర్పినట్టు లేదూ?

సంచులు అమ్ముకునేవాళ్ళు సంచుల గురించి రాసుకోక గొడుగుల ఊసెందుకు? పైగా అద్దం వెనక గొడుగుల స్టాండు కూడా పెట్టింది. అచ్చం మన సరుకులాగే ఉన్నాయి. నకలు కొట్టించి ఉంటుంది.

నాకూ బ్లాగు కావాలి. ఆవిడ దానికన్నా పెద్ద అక్షరాలతో. ఈ ఆదివారానికల్లా.

నీ
అక్క

*

అక్కకి,

నీ మెయిలు చదువుతుంటే నువ్వు పక్కన నిలబడి నా చెవి మెలిపెడుతున్నట్టే ఉంది.

బ్లాగంటే గుమ్మం మీద బోర్డు కాదక్కా, ఒకసారి తగిలించి మర్చిపోవడానికి. వారం వారం రాస్తూ ఉండాలి. ఇప్పుడు వానలు, నీకు ఊపిరాడదు. వానలు తగ్గాక చూద్దాం.

ఈలోగా ఒకటి. నీ సైటు మొదటి పేజీలో నీలం గొడుగు బొమ్మని లాగి పెద్దది చేశావు కదా? కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఫోన్‌లో చూస్తే నీ నంబరుని మింగేసి కూర్చుంది. ఎన్నిసార్లు చెప్పాను? ఈ సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్‌కి ఒక రూపు, ఫోన్‌కి ఇంకో రూపు. రెండూ విడివిడిగా సర్దాలి. ఇక్కడ దాచింది అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. ఏం చేసినా చివర్లో ఫోన్‌లో తెరిచి చూడు తల్లీ.

బావకి నమస్కారాలు.

బుజ్జి

*

ప్రియమైన బుజ్జీ,

వానలు తగ్గాక గొడుగుల బ్లాగా? పెళ్ళి అయ్యాక శుభలేఖలు పంచుతానన్నట్టుంది!

ఆవిడ బ్లాగు చదివాను. చదవకూడదు అనుకుంటూనే అన్నీ చదివేశాను. బాగా రాస్తోంది. అదే నా మంట. చెత్తగా రాస్తే నవ్వుకుని పడుకునేదాన్ని. మీ బావేమో "నీ కడుపులో మంటకి గొడుగు పట్టలేమే" అని ఆయన జోకుకి ఆయనే నవ్వుకుంటున్నాడు.

కానీ ఒకటి మింగుడు పడటం లేదు. నిన్న వచ్చిన దాంట్లో ఏం రాసిందో తెలుసా? "గాలి తిరగబడితే గొడుగుతో కుస్తీ పట్టకు, నువ్వే తిరిగి నిలబడు" అని. అది అమ్మ మాటరా! అమ్మ మనిద్దరికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. అది ఆవిడ నోట్లోకి ఎలా వెళ్ళింది? సైటు చేసేటప్పుడు నువ్వే వాగి ఉంటావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంకో మాట. పక్క వాచీల షాపాయన బుధవారం నిన్ను వీధిలో చూశాడట. నా షాపు ముందు నుంచే వెళ్ళావట. అక్క గుమ్మం అంత ఎత్తయిపోయిందా, ఎక్కలేకపోయావు? నీకు మడత గొడుగు విప్పడం నేర్పింది నేనురా. వేలు నలిగి ఏడిస్తే ఊదింది నేను. ఇప్పుడు నీ పనితనమంతా అవతలి గుమ్మంలో పోస్తున్నావు.

కోపంగా ఉన్న
అక్క

*

అక్కకి,

బుధవారం ఆవిడ కొత్త సంచుల ఫోటోలు తీయడానికి వచ్చాను. నీ షాపు నిండా జనం. మళ్ళీ వద్దాంలే అనుకున్నాను, బస్సు టైమైపోయింది. తప్పే.

ఆవిడ నువ్వనుకున్నంత గయ్యాళి కాదక్కా. మధ్యాహ్నాలు కిటికీ పక్కన కూర్చుని జిప్పులు కుట్టుకుంటుంది. దారం పళ్ళతో తెంపుతూ తనలో తనే ఏదో పాడుకుంటుంది. ఎవరైనా వస్తే టక్కున ఆపేస్తుంది. అలాంటి మనిషి నీతో పోటీకి వస్తుందా?

నీ బ్లాగు తప్పకుండా చేస్తాను. వచ్చే నెల.

బుజ్జి

*

బుజ్జీ,

వచ్చే నెల అక్కర్లేదు. నేనే పెట్టుకున్నా.

ఎడమ పక్కన కూడిక గుర్తు నొక్కితే డబ్బాలన్నీ వచ్చాయి. బొమ్మల డబ్బా, మ్యాపు డబ్బా, అడుగున ఎక్కడో బ్లాగు డబ్బా. పట్టుకుని లాగాను. మీ బావ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. తీరా వదిలితే వెళ్ళి నీలం గొడుగు నెత్తి మీద పడింది. వెనక్కి తిప్పే బాణం నొక్కి, మళ్ళీ లాగి, ఫోటోల కింద కూర్చోబెట్టాను. కూర్చుంది.

మొదటి పోస్టు కూడా రాసేశా. "సంచులవాళ్ళ దగ్గర గొడుగు కొంటే చినుకుకో చిల్లు" అని పేరు పెట్టాను. లోపల ఇంకా ఘాటుగా ఉందిలే. జనానికి చూపించే బటన్ మీద వేలు పెట్టాక నీ పాఠం గుర్తొచ్చింది. చివర్లో ఫోన్‌లో తెరిచి చూడు తల్లీ.

మీ బావ ఫోన్ తీసుకున్నా. నాది ఎలా ఉందో తెలియాలంటే పక్కన పోల్చడానికి ఒకటుండాలి కదా, ముందు ఆవిడ బ్లాగు తెరిచాను. అన్నీ ఈ కంప్యూటర్‌లో చూసినవే. కానీ ప్రతి పోస్టు కింద ఒక గుండ్రటి బొమ్మ, దాని పక్కన "రాసినవారు". కంప్యూటర్‌లో అది లేదు. ఫోన్‌లో ఉంది.

కళ్ళజోడుతో నవ్వుతున్నావు.

ఇక్కడ దాచి అక్కడ మర్చిపోయావు కదూ, గురువుగారూ? నా షాపుకి ముక్క రాయడానికి తీరిక లేనివాడివి, వాళ్ళకి వారం వారం రాస్తున్నావా? అమ్మ మాటలతో సహా? ఆ షాపుకి నువ్వేమవుతావు? నిజం చెప్పు. పోస్టు అలాగే ఆపి ఉంచా.

గొడుగుల షాపు

*

అక్కా,

సంతకం చూసి భయమేసింది. నిజమే రాస్తున్నా.

సైటు అయ్యాక ఆవిడ, "నాకు రాయడం రాదండీ, ఒక్కటి మీరే రాసిపెట్టండి" అంది. నాకు మాత్రం ఏం తెలుసు రాయడానికి? నీ కౌంటర్ కింద కూర్చుని విన్న గొడుగు కబుర్లు తప్ప. రాశాను. చదివి, "ఇంకొకటి" అంది. ఆ ఇంకొకటి ఇచ్చే వంకతో వస్తూ పోతూ ఉన్నాను. మేం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం.

నీకు బ్లాగు వాయిదా వేసింది అందుకే. నీకూ నేనే రాసిస్తే, రెండూ పక్కపక్కన పెట్టి మొదటి వాక్యంలోనే పట్టేస్తావు. ముందు ఈ సంగతి నీతో చెప్పాకే బ్లాగు అనుకున్నాను. నీ గుమ్మం దాకా వచ్చి ధైర్యం చాలక బస్సెక్కాను.

ఆ బొమ్మ సంగతి ఆవిడకి ముందే తెలుసట. ఫోన్‌లో చూసి, నాకు చెప్పకుండా అలాగే ఉంచుకుందట.

తిట్టు. కానీ జవాబియ్యి.

నీ
బుజ్జి

*

ప్రియమైన బుజ్జిగా,

షట్టరు సగం దించి రోడ్డు దాటాను. నన్ను చూసి ఆవిడ పాట ఆపేసింది. జిప్పు చేతిలోంచి జారిపోయింది.

"ఆ స్టాండులో గొడుగులు ఎక్కడివమ్మా?" అన్నాను, ఇంకేం అడగాలో తోచక.

"మీ షాపువేనండీ. ఫోటోలకని మీ తమ్ముడు తెచ్చారు. అమ్మకానికి కాదు, ఎవరడిగినా మీ దగ్గరికే పంపిస్తున్నా."

ఆఫీసు వాళ్ళకా అవి, దొంగవెధవా!

"అమ్మ మాటలు నీ షాపు పేరు మీద పెట్టుకున్నావు," అన్నాను.

"అవి ఆయన చెప్పిన ప్రతిసారీ 'మా అక్క', 'మా అక్క' అనే మొదలెడతారండీ. రాసేటప్పుడు తీసేస్తారు. వినీ వినీ నాకే మీ మీద అసూయ పుట్టింది." కింద పడ్డ జిప్పు తీసుకుంటూ, "వదినా అని పిలవొచ్చా?" అంది.

మరి నేనేం చెయ్యను? కుర్చీ లాక్కుని కూర్చున్నా. టీ ఇచ్చింది. దారం నిజంగానే పళ్ళతో తెంపుతుంది, ఆ అలవాటు మాన్పించు.

అయినా నా కడుపులో మంట పూర్తిగా చల్లారిందనుకోకు. ఆ ఘాటు పోస్టు తీసేసి, తడి గొడుగు గురించి అమ్మ మాటల్లోనే మళ్ళీ రాశాను, "మా అమ్మ చెప్పేది" అని మొదలెట్టి. బ్లాగు ఇవాళ పొద్దున తెరిచా. "రాసినవారు" అన్న చోట సైటు బొమ్మ అడిగింది. నాది పెట్టలేదు. నువ్వు చొక్కా లేకుండా, ముక్కు కారుస్తూ, నా ఎర్ర గొడుగు కింద కూర్చున్న ఫోటో ఉంది చూడు, అది పెట్టా. కంప్యూటర్‌లోనూ చూశా, ఫోన్‌లోనూ చూశా. రెండు చోట్లా చక్కగా కనిపిస్తున్నావు.

కళ్ళజోడువాడిని ఆవిడ ఉంచుకోనీ. వీడు మాత్రం నా వాడు.

ఆదివారం ఇద్దరూ రండి. ఎక్కడానికి గుమ్మం ఎత్తేం లేదు.

నీ
అక్క